ఫారీ: ‘పలకడం’ అనే లాటిన్ క్రియ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనియడ్ కావ్యాన్ని లాటిన్‌లో చదవడం మొదలుపెట్టిన తెలుగువాళ్లకు ‘ఫాతుర్’ అన్న మాట తొందరగానే ఎదురవుతుంది. ఇది ‘ఫారీ’ అనే క్రియకు ఒక రూపమనీ, అర్థం ‘పలికెను’ అనీ తెలుస్తుంది. కానీ మిగతా రూపాల కోసం వ్యాకరణ పుస్తకం తెరిస్తే పట్టికలో సగానికి పైగా ఖాళీలే. అక్కణ్ణించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని ఒకచోట చేర్చి, చదువులో ఏ దశలో ఎదురవుతాయో ఆ వరసలో పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క విషయం ముందే చెబుతాను. ఈ క్రియలో ఉన్న ఖాళీలను లోపాలుగా చూడకండి. ఆ మాట ఎవరి నోట, ఏ సందర్భంలో బతికిందో మనకు చెప్పేవి అవే.

## మొదలుపెట్టే ముందు

ఫారీ అంటే ‘మాట్లాడటం’ అనుకుంటే చాలదా?

చాలదు. ఫారీ అంటే నోరు తెరిచి, అర్థమున్న మాటను బయటికి పలకడం. రోమన్ పండితుడు వర్రో (క్రీ.పూ. 116–27) లాటిన్ భాష మీద రాసిన గ్రంథంలో ఆరో భాగంలో దీన్ని వివరించాడు. మనిషి మొట్టమొదట అర్థాన్నిచ్చే ధ్వనిని నోటినుంచి వెలువరిస్తే అది ఫారీ అన్నాడు. ఆ దశకు రాని పిల్లలను ‘ఈన్‌ఫాన్స్’, అంటే ఇంకా పలకనివాళ్లు, అంటారని కూడా చెప్పాడు. ఇంకోవైపు దేవతల వాక్కుకు, జోస్యానికి, పూజామంత్రానికి, కావ్యనాయకుల గంభీరమైన పలుకుకు కూడా ఇదే క్రియ. చంటిబిడ్డ తొలి పలుకు ఒక కొస అయితే దేవుడి మాట రెండో కొస. ఈ రెంటికీ మధ్య ఉండే రోజువారీ కబుర్లకు దీన్ని వాడరు. ఈ క్రియలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే.

దీకో, లొక్వొర్, ఆయో, ఇన్‌క్వమ్, ఫారీ... అన్నీ ‘చెప్పడమే’ అయితే తేడా ఏమిటి?

దీకో అంటే విషయం చెప్పడం. ఏం చెప్పారన్నదే అక్కడ ముఖ్యం. లొక్వొర్ అంటే మాట్లాడటం, సంభాషించడం. ఇన్‌క్వమ్, దాని ప్రథమపురుష ‘ఇన్‌క్విత్’, ఉన్నదున్నట్టుగా ఇచ్చిన మాటల మధ్యలో దూరి ‘అన్నాడు’ అన్న పని చేస్తుంది. ఆయో అంటే గట్టిగా అనడం, ఔనని చెప్పడం. కాదనడానికి వాడే ‘నెగో’కు ఇది ఎదురు మాట. ఫారీ వీటన్నిటికంటే పాతది, బరువైనది. తెలుగులో అను, చెప్పు, మాట్లాడు ఒకవైపు, పలుకు, వచించు, నుడువు మరోవైపు ఉన్నాయి కదా. ఫాతుర్ ఆ రెండో గుంపుకు చెందుతుంది. అనువాదంలో ‘పలికెను’, ‘వచించెను’ అంటే దాని స్థాయి నిలుస్తుంది. ‘చెప్పాడు’ అంటే జారిపోతుంది.

అరుదైన క్రియ అంటారు, ఈనియడ్‌లో ఎక్కడ చూసినా ఇదే ఉంది. ఏది నిజం?

రెండూ నిజమే. వర్జిల్‌కు ఇది ఇష్టమైన మాట. వచనంలో మాత్రం అరుదు. క్రీ.పూ. 55లో రోమన్ వక్త సిసిరో వక్తృత్వం మీద రాసిన సంభాషణ మూడో భాగంలో, వాడుక తప్పినా తగిన చోట పెడితే ప్రసంగానికి ప్రాచీనమైన ఠీవి తెచ్చే మాటలు కొన్ని ఉన్నాయని అంటాడు. ఆ వరసలో ‘ఎఫ్ఫారీ’ (ఉచ్చరించు) ఒకటి. అంటే ఆయన కాలానికే ఈ కుటుంబం పాతబడింది. పైగా కావ్యంలో పదే పదే వచ్చేవి కూడా కొన్ని రూపాలే: ఫాతుర్, ఫాతుస్, వాటి ఉపసర్గ రూపాలు.

నిఘంటువులో వెతికితే దొరకడం లేదు. ఏ మాట కింద చూడాలి?

లాటిన్ నిఘంటువులు క్రియను ఉత్తమపురుష ఏకవచనం కింద పెడతాయి. ఆ లెక్కన ఇది ‘ఫొర్’ కింద ఉంటుంది: ఫొర్, ఫారీ, ఫాతుస్ సుమ్. కంప్యూటర్‌లో ఫొర్ అని వెతికితే ఇంగ్లీషు ‘ఫర్’ వచ్చిపడుతుంది, అక్షరాలు అవే కాబట్టి. అందుకే ‘ఫారీ’తో వెతకండి. ‘ఫారె’ అని కొడితే ఇటాలియన్‌లో ‘చేయడం’ అనే క్రియ ఎదురుకావచ్చు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఉచ్చారణ ఎలా? ఎక్కడ దీర్ఘం, ఎక్కడ హ్రస్వం?

ఇక్కడ ఫ అని రాసినదాన్ని ఆఫీసు, ఫ్యాను అన్నప్పటి ధ్వనితో పలకండి, ‘ఫలం’లోని ఒత్తు ధ్వనితో కాదు. ఫారీ, ఫాతుర్, ఫాబొర్, ఫాతుస్, వీటిలో ఫా దీర్ఘం. న్త, న్ద ముందు మాత్రం హ్రస్వమవుతుంది: ఫన్తుర్, ఫన్దీ, ఫన్దో. న్స ముందు మళ్లీ దీర్ఘం: ఈన్‌ఫాన్స్. ఈ విషయంలో తెలుగు లిపి మనకు గొప్ప వరం. లాటిన్‌లో ఎ–ఏ, ఒ–ఓ తేడా అర్థాన్నీ ఛందస్సునూ మార్చేస్తుంది. దేవనాగరిలో ఆ నాలిగింటికీ విడివిడి గుర్తులు మామూలుగా లేవు, మనకు ఉన్నాయి. పుస్తకం అంచున తెలుగు లిపిలో రాసుకుంటూ చదివితే దీర్ఘాలు గుర్తుండిపోతాయి.

## రూపాలు, వ్యాకరణం

‘డిపోనెంట్’ క్రియ అంటే ఏమిటి? రూపం కర్మణిలో ఉండి అర్థం కర్తరిలో ఎలా ఉంటుంది?

ఫాతుర్‌లో చివరి ‘తుర్’ మామూలుగా కర్మణి ప్రయోగానికి గుర్తు. అమాతుర్ అంటే ‘ప్రేమించబడుతున్నాడు’. కానీ ఫాతుర్ అంటే ‘పలుకుతున్నాడు’, ‘పలకబడుతున్నాడు’ కాదు. ఇలా రూపంలో కర్మణి, అర్థంలో కర్తరి అయిన క్రియలను డిపోనెంట్ అంటారు. సంస్కృతం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. భాషతే, లభతే, మన్యతే లాంటి ఆత్మనేపద రూపాలు పరస్మైపదంలా కనిపించకపోయినా అర్థం కర్తరిలోనే ఉంది కదా. లాటిన్ ‘తుర్’, సంస్కృత ‘తే’ రెండూ ఇండో-యూరోపియన్ మూలభాషలోని మధ్యమ ప్రయోగపు వారసత్వాలే. లాటిన్‌లో అదనంగా ఉన్న ర్ హిట్టైట్, తొఖారియన్ అనే ప్రాచీన భాషల్లో కూడా కనిపిస్తుంది.

‘డిఫెక్టివ్’ అంటారే, అంటే అన్ని రూపాలూ లేవనా? అలాంటి క్రియతో భాష ఎలా నడుస్తుంది?

నడుస్తుంది, మన భాష నడవడం లేదా? ‘లేదు’నే తీసుకోండి. లేను, లేడు, లేరు ఉన్నాయి. దానికి సొంత భవిష్యత్తు లేదు, ‘ఉండదు’ వచ్చి ఆ పని చేస్తుంది. వద్దు, చాలు లాంటివి కూడా రూపాలు చాలా తక్కువగా ఉన్న క్రియలే. సంస్కృతంలో ‘పలికెను’ అనే అర్థమిచ్చే ‘ఆహ’కు ఐదంటే ఐదే రూపాలు: ఆహ, ఆహతుః, ఆహుః, ఆత్థ, ఆహథుః. పాణిని వాటిని బ్రూ ధాతువుకు ఆదేశంగా ఒక సూత్రంలో చెప్పాడు. లాటిన్‌లోనూ అంతే. ఫారీకి లేని రూపం కావలసి వచ్చినప్పుడు రోమన్ దీకోనో లొక్వొర్‌నో వాడాడు.

ఫారీకి నిజంగా వాడుకలో ఉన్న రూపాలు ఏవి?

వర్తమానంలో ప్రథమపురుష: ఫాతుర్ (పలుకుతున్నాడు), ఫన్తుర్ (పలుకుతున్నారు). భవిష్యత్తులో ఫాబొర్ (పలుకుతాను), ఫాబితుర్ (పలుకుతాడు). ఆజ్ఞార్థకం ఫారె (పలుకు). తుమున్నర్థకం ఫారీ. పూర్తయిన పనికి ఫాతుస్ సుమ్, ఫాతుస్ ఎరత్ మొదలైనవి నియమం ప్రకారమే వస్తాయి. జరుగుతున్న పనిని చెప్పే విశేషణం విభక్తి రూపాల్లో దొరుకుతుంది. ఈనియడ్ ఆరో సర్గలో గుహద్వారం ముందు ‘ఈ మాటలు పలుకుతున్న’ జోస్యురాలు సిబిల్‌కు ముఖమూ రంగూ మారిపోయే చోట ‘తాలియ ఫన్తీ’ ఉంది. ఫన్దీ, ఫన్దో అనే భావార్థక నామాలు, ఫన్దుస్ అనే ‘పలకదగిన’ రూపం ఉన్నాయి. చివరగా ఫాతూ అనే అరుదైన సుపైన్, అంటే ‘పలకడానికి’ అనే అర్థమిచ్చే రూపం. పన్నెండో సర్గలో లాటినస్ రాజు టర్నస్‌తో ‘హౌద్ మొల్లియ ఫాతూ’ అంటాడు, పలకడానికి మెత్తగా లేని మాటలు అని.

‘నేను పలుకుతున్నాను’ అనడానికి ఫొర్ ఎందుకు వాడలేదు?

ఫొర్ అనేది నిఘంటువు శీర్షికగానే ఎక్కువ బతికింది. కారణం ఈ క్రియ పనిలోనే ఉందని నా అభిప్రాయం. ఇది కథకుడు మరొకరి పలుకును మనకు అప్పగించే క్రియ, కాబట్టి ప్రథమపురుష కావాలి. మాట్లాడుతున్నవాడు తన పలుకును తానే ప్రకటించాలంటే ‘ఇదిగో, పలుకుతాను’ అంటాడు, అప్పుడు భవిష్యత్తు కావాలి. ఈనియడ్ మొదటి సర్గలో దేవతల రాజు జూపిటర్ వీనస్ దేవతతో ‘ఫాబొర్ ఎనిమ్, క్వన్దో హైక్ తే కూర రెమొర్దెత్’ అంటాడు: ఈ దిగులు నిన్ను కొరుకుతోంది కనుక పలుకుతాను. ఆ వెంటనే విధి రహస్యాలను విప్పుతానంటాడు, అక్కడ వాడిన మాట ‘ఫాతోరుమ్’. పలుకూ విధీ ఒకే ధాతువునుంచి పుట్టినవని వర్జిల్‌కు తెలుసు, రెంటినీ పక్కపక్కనే పెట్టాడు.

ఫాతుస్ అంటే ‘పలకబడిన’ కదా? ‘హైక్ ఫాతుస్’ను ఎలా అర్థం చేసుకోవాలి?

డిపోనెంట్ కాబట్టి ఫాతుస్ అంటే ‘పలికినవాడై’. ఇంగ్లీషు ద్వారా లాటిన్ నేర్చుకున్నవాళ్లు ఇక్కడ తికమక పడతారు. తెలుగువాళ్లకు ఇది చాలా సులువు. ‘హైక్ ఫాతుస్’ అంటే ‘ఈ మాటలు పలికి’. మన క్త్వార్థకం చేసే పనే ఇది చేస్తుంది: ఒక పని ముగించి తర్వాతి పనిలోకి వెళ్లడం. తేడా ఒక్కటే. తెలుగు ‘పలికి’ ఎవరికైనా మారదు. లాటిన్‌లో కర్తను బట్టి మారుతుంది: మగవాడైతే ఫాతుస్, ఆడమనిషైతే ఫాత, బహువచనంలో ఫాతీ. నాలుగో సర్గలో కార్థేజ్ రాణి డైడో మాట ముగించి కన్నీళ్లతో గుండెలు తడుపుకునే చోట ‘సీక్ ఎఫ్ఫాత’ అని స్త్రీలింగంలో ఉంటుంది.

ఫన్దో, ఫన్దుస్ తేడా తెలియడం లేదు.

ఫన్దో నామం లాంటిది: ‘పలకడం వల్ల’, ‘పలుకుతూ’. రెండో సర్గ మొదట్లో కావ్యనాయకుడు ఈనియాస్ ‘క్విస్ తాలియ ఫన్దో... తెంపెరెత్ ఆ లక్రిమీస్’ అని అడుగుతాడు: ఇలాంటివి పలుకుతూ కన్నీళ్లు ఆపుకోగలవాడెవడు? ఫన్దుస్ విశేషణం: ‘పలకదగిన’. డిపోనెంట్ క్రియల్లో కూడా ఈ రూపానికి మాత్రం అర్థం కర్మణిలోనే ఉంటుంది. వాక్యంలో దాని పక్కన లింగవచనాలు కలిసే నామం ఉందేమో చూడండి, ఉంటే విశేషణం.

కేటో పుస్తకంలో ‘ప్రైఫామినో’ అని చూశాను. ఇదేం రూపం?

చాలా పాత ఆజ్ఞార్థకం. రోమన్ రచయిత కేటో (క్రీ.పూ. 234–149) వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో పొలం చుట్టూ పంది, గొర్రె, ఎద్దులను తిప్పి బలిచ్చే శుద్ధి కర్మ ఉంది. అక్కడ ‘యానుమ్ యొవెమ్‌క్వె వీనో ప్రైఫామినో, సీక్ దీకితో’ అంటాడు: ద్రాక్షసారా పోసి ముందుగా జానుస్‌ను, జూపిటర్‌ను పలికి పిలువు, ఇలా చెప్పు. ఆ తర్వాత మార్స్ దేవుడికి చేసే ప్రార్థన మొదలవుతుంది. ఈ ఒక్క వాక్యంలో రెండు క్రియల తేడా ఎంత చక్కగా తెలుస్తుందో చూడండి. దేవతను పేరుపెట్టి పిలవడం ఫారీ, అప్పగించిన పాఠాన్ని చదవడం దీకో.

ఉపసర్గలు చేరితే అర్థం ఎలా మారుతుంది?

అఫ్ఫారీ అంటే ఒకరిని ఉద్దేశించి పలకడం. ఎఫ్ఫారీ, మాటను పూర్తిగా వెలువరించడం. శకునాలు చూసే ఆగర్లు పవిత్రస్థలపు హద్దులను నోటితో ప్రకటించడానికి కూడా ఈ మాటే వాడేవారు. ప్రైఫారీ, ముందుగా పలకడం. ప్రొఫారీ, నలుగురి ముందు పలకడం. మొదటి సర్గలో డైడో ముఖం దించుకుని క్లుప్తంగా ‘ప్రొఫాతుర్’. ఇంతెర్‌ఫారీ, మధ్యలో అడ్డుతగలడం. అదే సర్గలో ఈనియాస్ తన కష్టాలు ఏకరువు పెడుతుంటే అతని తల్లి వీనస్ ఇక వినలేక ‘ఇంతెర్‌ఫాత ఎస్త్’. విడి క్రియకు లేని కొన్ని రూపాలు ఉపసర్గతో ఉన్నాయి. ప్రైఫాముర్ (ముందుగా పలుకుతున్నాం) అలాంటిదే.

## పద్యం చదివేటప్పుడు

‘సీక్ ఫాతుర్ లక్రిమాన్స్’ పాదాన్ని గణవిభజన చేయడం ఎలా?

ఆరో సర్గ మొదటి పాదం ఇది: ‘సీక్ ఫాతుర్ లక్రిమాన్స్, క్లస్సీక్వె ఇమ్మిత్తిత్ హబేనాస్’. ఇలా కన్నీళ్లతో పలికి ఈనియాస్ ఓడలకు పగ్గాలు వదులుతాడు. సముద్రంలో పడిపోయిన చుక్కానివాడు పాలినూరుస్ కోసం ఆ కన్నీళ్లు.

కందపద్యం తెలిసినవాళ్లకు ఈ ఛందస్సు పరాయిది కాదు. పాదానికి ఆరు గణాలు. వాడే గణాలు రెండే: భగణం (UII), గగం (UU). రెండూ నాలుగు మాత్రలవే, కందంలో మనం వాడుకునేవే. చివరి గణంలో మాత్రం ఎప్పుడూ రెండే అక్షరాలు, రెండోది ఏదైనా కావచ్చు. ఇక విడదీద్దాం: సీక్ ఫా (UU) | తుర్ లక్రి (UII) | మాన్స్ క్లస్ (UU) | సీక్విమ్ (UU) | మిత్తిత్ హ (UII) | బేనాస్ (UU).

మూడు జాగ్రత్తలు. ‘క్వె ఇమ్’ దగ్గర ముందున్న ఎ లోపిస్తుంది, మన సంధిలో పూర్వస్వరం పోయినట్టే. ‘లక్రి’లో సంయుక్తాక్షరం ముందున్నా ల ఇక్కడ లఘువే, స్పర్శం మీద ర చేరినప్పుడు లాటిన్ కవికి ఆ వెసులుబాటు ఉంది. ‘తిత్ హ’లో హ హల్లుగా లెక్కకు రాదు, అందుకే తి లఘువు.

ఫాతుర్ మాటలకు ముందు వస్తుందా, తర్వాత వస్తుందా?

రెండు చోట్లా వస్తుంది. ముందు వస్తే ‘ఇట్లు పలికెను’, తర్వాత వస్తే ‘అని పలికి’. ఇన్‌క్విత్‌లా మాటల నడుమ దూరడం దీని స్వభావం కాదు. ‘విక్స్ ఎఅ ఫాతుస్ ఎరత్’ అనే పలుకుబడిని గుర్తుపెట్టుకోండి: అతను ఆ మాట అన్నాడో లేదో. దాని వెనకే ఏదో అద్భుతం జరగబోతుంది. రెండో సర్గలో ఈనియాస్ తండ్రి, ముసలి అంఖైసిస్ ప్రార్థన ముగించగానే ఎడమవైపు ఉరుము ఉరిమేది ఈ మాటల తర్వాతే.

‘ఫాత’ అని ఉంటే ‘పలికిన ఆమె’ అనుకోవాలా, ‘విధులు’ అనుకోవాలా?

రాతలోనూ పలుకులోనూ రెండూ ఒకటే, కాబట్టి వాక్యంలోని క్రియను చూడాలి. ‘ఫాత వియమ్ ఇన్‌వెనియెన్త్’లో క్రియ బహువచనం, కాబట్టి ‘విధులు దారి కనుక్కుంటాయి’. ‘సీక్ ఫాత’ అని ఉండి తర్వాత ఏకవచన క్రియ, సందర్భంలో స్త్రీ కర్త ఉంటే ‘ఇలా పలికి ఆమె’. ఫాతీ విషయంలో కూడా ఇదే చిక్కు ఉంది: ‘విధి యొక్క’ అని ఒకటి, ‘పలికినవారై’ అని రెండోది.

‘ఈన్‌ఫన్దుమ్, రేగీన, యుబేస్ రెనొవారె దొలోరెమ్’ను తెలుగులో ఎలా చెప్పాలి?

‘చెప్పరాని దుఃఖాన్ని మళ్లీ రగిలించమంటున్నావు, రాణీ’. ఈన్‌ఫన్దుమ్‌కు ‘చెప్పరాని’ అన్న మాట అన్ని విధాలా సరిపోతుంది. పలకడానికి నోరు రాని అన్న అర్థం, పలకకూడనంత ఘోరమైన అన్న అర్థం, రెండూ తెలుగు మాటలోనే ఉన్నాయి. ‘వర్ణనాతీతమైన’ అంటే మొదటిదే మిగులుతుంది. లాటిన్‌లో ఈ మాట పాదం మొదట్లోనే ఉంది. ట్రాయ్ పతనం గురించి చెప్పబోతున్న మనిషికి ముందు నోటికొచ్చిన మాట అది. అనువాదంలో కూడా దాన్ని ముందే ఉంచండి.

‘ఫన్దీ అత్క్వె నెఫన్దీ’ అంటే?

మాటకు మాటగా ‘పలకదగినదాన్ని, పలకరానిదాన్ని’. అసలు అర్థం ధర్మాధర్మాలు. మొదటి సర్గలో ఓడ బద్దలై వచ్చిన ట్రోజన్ల తరఫున ఇలియోనియుస్ కార్థేజ్ వాళ్లను హెచ్చరిస్తాడు: మనుషులంటే మీకు లెక్క లేకపోయినా, ధర్మాధర్మాలను మరవని దేవుళ్లు ఉన్నారని తెలుసుకోండి.

## రోమన్ల నమ్మకాల్లో, ఆచారాల్లో

ఫాతుమ్ అంటే ‘పలికినది’ అయితే, అది మన తలరాతలాంటిదేనా?

ఫలితం ఒకటే, ఊహ వేరు. మన బ్రహ్మ నుదుట రాస్తాడు. రోమన్ల ఫాతుమ్ దేవత నోటినుంచి వెలువడిన వాక్కు. పిల్లలు పుట్టినప్పుడు పార్కే అనే దేవతలు వాళ్ల కాలాన్ని పలికి నిర్ణయిస్తారు కనుక ఫాతుమ్ అయిందని వర్రో రాశాడు. జూపిటర్ పలికిందే ఫాతుమ్ అని సెవిల్ బిషప్ ఇసిడోర్ తన పదకోశంలో చెప్పాడు. అలాగని రోమ్‌లో రాత లేకుండా పోలేదు. బిడ్డ పుట్టిన తొలి వారం చివర ‘ఫాత స్క్రీబున్ద’ అనే విధిరాత దేవతలను పిలిచే ఆచారాన్ని క్రైస్తవ రచయిత టెర్టులియన్ ప్రస్తావించాడు. ఈ భాగం చదివినప్పుడు రెండు సంప్రదాయాలూ ఎంత దగ్గరికొచ్చాయో అని నాకు ప్రతిసారీ ఆశ్చర్యం కలుగుతుంది.

రోమన్ పంచాంగంలో ‘ఫాస్తీ’, ‘నెఫాస్తీ’ రోజులకూ ఈ క్రియకూ సంబంధం ఉందా?

ఉందనే వర్రో చెప్పాడు. న్యాయాధికారి అయిన ప్రేటర్ మూడు మాటలు పలికితేనే న్యాయవిచారణ నడుస్తుంది: దో (ఇస్తున్నాను), దీకో (ప్రకటిస్తున్నాను), అద్దీకో (అప్పగిస్తున్నాను). ఆ మాటలు దోషం లేకుండా పలకగల రోజులు ఫాస్తీ, పలకకూడనివి నెఫాస్తీ. పలికితే ప్రాయశ్చిత్తం చేయాలి. వీటి వెనకున్న ‘ఫాస్’ (దైవసమ్మతం) అనే మాట ఫారీనుంచి వచ్చిందని కొందరు భాషావేత్తలు ఒప్పుకుంటారు. మరికొందరు ‘ఉంచు, నిలుపు’ అనే వేరే ధాతువుతో దాన్ని కలుపుతారు.

పిల్లల మాటలకు ఒక దేవుడు ఉండేవాడట, నిజమేనా?

నిజమే. పిల్లలు పలకడం మొదలుపెట్టినప్పుడు తల్లిదండ్రులు ఫాబులీనుస్ అనే దేవుడికి బలి అర్పించేవారని వర్రో రాసిన మాట నోనియుస్ అనే వ్యాకరణవేత్త గ్రంథంలో మిగిలింది.

## పదాల కుటుంబం

ఫారీ, మన ‘భాష’ ఒకటేనా?

చూడగానే అలా అనిపిస్తుంది, కానీ తొందరపడకూడదు. లాటిన్ పదాది ఫ చాలాచోట్ల సంస్కృత భకు జోడీ: ఫ్రాతెర్–భ్రాతృ, ఫెరో–భరామి. ఆ దారిలో ఫారీకి ఒప్పుదలైన జోడీ ఋగ్వేదంలోని ‘భన్’ ధాతువు. ఏడో మండలం 18వ సూక్తంలో ‘భనన్త’ అనే రూపం ఉంది. తర్వాతి సంస్కృతంలోని భణ్ ధాతువును, దాన్నుంచి మనకొచ్చిన ‘భణితి’ని దీనితోనే కలుపుతారు. ‘భాష్’ విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. గ్రీకు ‘ఫేమి’ (అంటాను), ‘ఫోనే’ (ధ్వని) మాత్రం నిస్సందేహంగా ఫారీ బంధువులే. టెలిఫోన్‌లోని ఫోన్ ఆ ఫోనే నుంచే వచ్చింది.

ఇన్‌ఫంట్ అంటే పసిబిడ్డ, ఇన్‌ఫంట్రీ అంటే పదాతిదళం. ఇదెలా?

ఈన్‌ఫాన్స్ అంటే పలకనివాడు. ఇటాలియన్‌లో అది ‘ఇన్ఫాంతె’గా మారి పిల్లవాడు, కుర్రవాడు, సేవకుడు అనే అర్థాలకు విస్తరించింది. గుర్రమెక్కిన యోధుడి వెంట కాలినడకన పోరాడే కుర్రవాణ్ణి అలా పిలిచి, ఆ దళాన్ని ‘ఇన్ఫాంతెరియా’ అన్నారు. స్పెయిన్ రాజుగారి పిల్లల్లో సింహాసన వారసులు కానివాళ్లకు కూడా ఇదే మాట బిరుదు.

ఫెయిరీ కూడా ఇందులోంచే వచ్చిందా?

అవును. ఫాతుమ్ బహువచనం ఫాత. జనవ్యవహారంలో దాన్ని స్త్రీలింగ ఏకవచనంగా తీసుకుని విధిదేవతను చేశారు. ఇటాలియన్‌లో ఫాతా, స్పానిష్‌లో ఆదా, ఫ్రెంచ్‌లో ఫే. ఆ ఫ్రెంచ్ మాటనుంచి ఇంగ్లీషు ఫెయిరీ.

మనం రోజూ వాడే మాటల్లో దీని చుట్టాలున్నాయా?

‘ప్రొఫెసర్’ ఉంది. ఫారీ ధాతువునుంచే ‘ఫతెఒర్’ (ఒప్పుకుంటాను) పుట్టింది. దీనిలో ఫ హ్రస్వం, వేరే గణం, రూపాలన్నీ ఉన్నాయి. దానికి ఉపసర్గ చేరితే ప్రొఫితెఒర్, నలుగురిలో ప్రకటించడం. అలా తన విద్యను ప్రకటించి బోధించేవాడు ప్రొఫెస్సొర్. కన్ఫెషన్ కూడా ఇందులోదే. ఫాబుల (కథ), ఫామ (కీర్తి, వదంతి), ఫాకున్దుస్ (వాగ్ధాటి కలవాడు) దగ్గరి బంధువులు. ఫాబులనుంచి వచ్చిన ఫాబులారీ (కబుర్లాడటం) స్పానిష్‌లో ఆబ్లార్‌గా, పోర్చుగీసులో ఫలార్‌గా మారింది. ఫారీ ఏనాడూ కబుర్ల జోలికి పోలేదు. కోట్లమంది ‘మాట్లాడటం’ అనడానికి వాడే మాట మాత్రం దాని సంతతిదే.

## నేర్చుకునేవారికి, రాసేవారికి

ఈ రూపాలన్నీ బట్టీ పట్టాలా?

వద్దు. ఫాతుర్, ఫాతుస్, ఫాబొర్, ఫారె, ఈన్‌ఫన్దుస్, ఈ ఐదూ వచ్చిన పాదాలను ఒక్కొక్కటి కంఠస్థం చేయండి. ఫారెకు ‘ఫారె అగె, క్విద్ వెనియాస్’ పట్టుకోండి. పాతాళ నది దగ్గర పడవవాడు ఖారోన్ ఆయుధాలతో వచ్చిన ఈనియాస్‌ను నిలదీసే మాట అది: పలుకు, ఎందుకొచ్చావు? పాదం గుర్తుంటే రూపమూ దీర్ఘమూ సందర్భమూ కలిసే గుర్తుంటాయి. ఖాళీలున్న పట్టికను వల్లెవేస్తే ఖాళీలే మిగులుతాయి.

లాటిన్‌లో సొంతంగా రాస్తే వాడొచ్చా?

పద్యంలో వాడండి. వచనంలో, ముఖ్యంగా ఉత్తరాల్లో, వద్దు. దీకో, లొక్వొర్, ఇన్‌క్విత్ చాలు. ఉన్నాయో లేదో తెలియని రూపాలను నియమం ప్రకారం తయారుచేసుకోవద్దు.

చర్చిలో వినే లాటిన్‌లో ఇది ఉందా?

‘ప్రైఫాతియో’ రూపంలో ఉంది. కతోలిక దివ్యబలిపూజలో ‘పరిశుద్ధుడు, పరిశుద్ధుడు’ అనే స్తుతికి ముందు గురువు పలికే కృతజ్ఞతా ప్రార్థనకు అది పేరు. చర్చి ఉచ్చారణలో ‘ప్రేఫాత్సియో’ అని వినిపిస్తుంది. పుస్తకాలకు రాసే ప్రెఫేస్ కూడా ఈ మాటే.

‘ఫారీ క్వై సెన్తియత్’ అనే నినాదం ఎక్కడిది, వాక్యం సగంలో ఆగినట్టు ఎందుకుంది?

సగంలో ఆగిందే. రోమన్ కవి హోరేస్ (క్రీ.పూ. 65–8) మరో కవి టిబుల్లుస్‌కు రాసిన పద్యలేఖలోనిది. పెంచిన దాది ముద్దుబిడ్డకు ఇంతకంటే ఏం కోరుకుంటుంది అని అడుగుతూ ‘క్వీ సపెరె ఎత్ ఫారీ పొస్సిత్ క్వై సెన్తియత్’ అంటాడు: తెలివితో మెలగగలిగి, మనసులో ఉన్నది పలకగలిగినవాడికి. ఇంగ్లండ్‌లో వాల్పోల్ వంశం చివరి ముక్కను తీసుకుని తమ నినాదం చేసుకుంది. ‘పొస్సిత్’ (గలడు) పోయింది కాబట్టి ఫారీ ఒంటరిగా నిలబడింది, ‘సెన్తియత్’కు కర్త ఎవరో కూడా చెప్పలేదు. విడిగా చదివితే ‘మనసులో అనుకున్నదే పలకడం’ అని తీసుకోవాలి. హోరేస్ ఇక్కడ దీకెరె అనకుండా ఫారీ అనడానికి కారణం ఆ దాదే అని నేను నమ్ముతాను. ఆమె ఎదురుచూసింది బిడ్డ నోటినుంచి వచ్చే తొలి పలుకు కోసం.